కార్జం, కందనకాయ, గుండెకాయ: నిప్పుల మీద మెత్తగా కాల్చుకోవడం ఎలా?

ఎండలు ముదిరి, వంటిల్లు వదిలి పెరట్లోనో మేడ మీదో సాయంత్రం అందరూ కలిసి తినే రోజులు రాగానే నాకు ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది: "మసాలా బాగానే పట్టించాం, కానీ కార్జం సుద్దముక్కలా పొడిపొడి అయింది, కందనకాయ నమిలినా నమిలినా నలగలేదు. ఎక్కడ పొరపాటు జరిగింది?" నేను తిరిగి ఒక్కటే అడుగుతాను. మూడూ ఒకే గిన్నెలో కలిపి, ఒకే ఊచకు గుచ్చారా? దాదాపు ప్రతిసారీ అవుననే అంటారు.

పొరపాటు అక్కడే ఉంది. కోడి కడుపులోంచి వచ్చినంత మాత్రాన ఈ మూడూ ఒకే రకం మాంసం కాదు. కార్జం చాలా లేత, నిప్పు మీద ఐదారు నిమిషాల పని. గుండెకాయ చిన్న కండ, దానికి ఎనిమిది నిమిషాల దాకా పడుతుంది. కందనకాయ సంగతి వేరు. కోడికి పళ్లుండవు కాబట్టి తిన్న గింజలన్నీ నూరేది అదే. అంత పని చేసిన కండ ముందు నీళ్లలో నిదానంగా ఉడికితే తప్ప మెత్తబడదు. అందుకే వీటిని మూడు వంటలుగా చూడండి. శుభ్రం చేయడం, నానబెట్టడం, గుచ్చడం, కాల్చడం అన్నీ వేరువేరుగానే చేయాలి. వడ్డించేటప్పుడు మాత్రం ఒకే పళ్లెంలో పెట్టుకోవచ్చు.

కావలసినవి (ఐదారుగురికి)

- కోడి కార్జం 500 గ్రాములు
- కందనకాయలు 500 గ్రాములు
- గుండెకాయలు 300 గ్రాములు
- ఉల్లిపాయలు 3, క్యాప్సికం 2, నిమ్మకాయలు 3
- నూనె, ఉప్పు
- ఊచలు 10 నుంచి 12. బల్లపరుపుగా ఉన్న ఇనుప ఊచలైతే మంచిది. వెదురు పుల్లలైతే దీనికి రెట్టింపు కావాలి, వాటిని 30 నిమిషాలు నీళ్లలో నానబెట్టాలి
- పొడవాటి పటకారు, పచ్చిమాంసానికి ఒకటి, కాల్చినదానికి ఒకటి చొప్పున రెండు పళ్లేలు
- మాంసంలో గుచ్చి చూసే థర్మామీటర్. ఇది లేకపోయినా పని నడుస్తుంది, ఉంటే మాత్రం సందేహమే మిగలదు

కందనకాయలకు, గుండెకాయలకు మసాలా: గట్టి పెరుగు 6 పెద్ద చెంచాలు, అల్లం వెల్లుల్లి ముద్ద 2 పెద్ద చెంచాలు, కారం 2 టీ చెంచాలు, ధనియాల పొడి 2 టీ చెంచాలు, పసుపు అర టీ చెంచా, మిరియాల పొడి 1 టీ చెంచా, ఉప్పు 1 టీ చెంచా, నూనె 2 పెద్ద చెంచాలు, ఒక నిమ్మకాయ రసం.

కార్జానికి మసాలా: నూనె 3 పెద్ద చెంచాలు, వెల్లుల్లి ముద్ద 1 టీ చెంచా, కారం 1 టీ చెంచా, మిరియాల పొడి 1 టీ చెంచా, జీలకర్ర పొడి అర టీ చెంచా, చిటికెడు పసుపు. ఉప్పు, నిమ్మరసం ఇప్పుడే కలపకండి. ఎందుకో కింద చెబుతాను.

1. తెచ్చుకునేటప్పుడు చూసుకోండి

వాసనే మొదటి పరీక్ష. తాజా కార్జానికి కాస్త పచ్చి వాసన ఉంటుంది గానీ పులిసిన వాసన ఉండదు. వేలితో తాకితే తడిగా జారాలి, జిగురులా అంటుకోకూడదు. రంగు విషయంలో చాలామంది కంగారు పడతారు. కార్జం ముదురు ఎరుపు గోధుమ రంగులో ఉండొచ్చు, లేత గోధుమ రంగులోనూ ఉండొచ్చు. కొవ్వు ఎక్కువున్నది లేతగా కనిపిస్తుంది, అంతే. రెండూ తినదగ్గవే.

ఇంటికి రాగానే ఫ్రిజ్‌లో అన్నిటికన్నా కింది అరలో, మూత ఉన్న డబ్బాలో పెట్టండి. ఫ్రిజ్ లోపల 4 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకన్నా తక్కువ ఉండాలి. ఒకటి రెండు రోజుల్లో వండేయాలి, ఇవి మామూలు మాంసం కన్నా త్వరగా పాడవుతాయి. గడ్డకట్టినవి తెస్తే ముందు రోజు రాత్రి ఫ్రిజ్‌లోకి మార్చి నిదానంగా కరగనివ్వండి. బల్ల మీద పెట్టి ఎండాకాలపు వేడికి కరిగించకండి. పైన కరిగి సూక్ష్మక్రిములు పెరుగుతుంటే లోపల ఇంకా మంచుగడ్డే ఉంటుంది.

2. శుభ్రం చేయడం

ఓపిక అంతా ఇక్కడే పెట్టండి. నిప్పు దగ్గర చేసే పని దీని ముందు ఏమీ కాదు.

కార్జం: రెండు తమ్మెలు ఒక తెల్లటి నరంతో కలిసి ఉంటాయి. ఆ నరం కాలితే దారంలా పళ్లకు చుట్టుకుంటుంది, కత్తి మొనతో తీసేయండి. తర్వాత ఒక్కో ముక్కనూ వెలుతురులో తిప్పి చూడండి. ఆకుపచ్చ మరక కనబడితే అది పిత్తం. కడిగితే పోతుందనుకోకండి, చేదు లోపలికి ఇంకి ఉంటుంది. మరక చుట్టూ అర అంగుళం కలిపి కోసి పారేయండి. పిత్తాశయం తిత్తి ఇంకా అంటుకుని ఉంటే అది పగలకుండా, దాన్ని పట్టుకున్న కార్జం ముక్కతో సహా కోయాలి. కార్జాన్ని చిన్న ముక్కలు చేయకండి. ఒక్కో తమ్మెను అలాగే ఉంచితేనే లోపల తడి నిలుస్తుంది.

కందనకాయ: కోయనిది దొరికితే ఒక అంచు వెంట కత్తి పెట్టి కోయండి. కత్తికి ఇసుకలాంటిది గరగరమని తగులుతుంది, అక్కడ ఆపి పుస్తకంలా విప్పండి. లోపలున్న గింజలూ చిన్న రాళ్లూ దులిపేశాక పసుపుపచ్చ పొర ఒకటి గరుకుగా, ముడతలు ముడతలుగా కనిపిస్తుంది. దాని అంచు ఒకచోట గోటితో లేపి, పట్టు దొరికాక మెల్లగా లాగండి. సరైన చోట పట్టు దొరికితే పటపటమని చిన్నగా చప్పుడు చేస్తూ ఒక్క ముక్కగా వచ్చేస్తుంది. తునకలుగా వస్తుంటే బొటనవేలితో కిందనుంచి నెడుతూ తీయండి. శుభ్రం చేసి అమ్మినవైనా సరే నమ్మి వదిలేయకండి, మడతల్లో ఆ పొర ముక్కలు మిగిలిపోతుంటాయి. ఒక్క ముక్క మిగిలినా తినేటప్పుడు పంటి కింద ఇసుక పడినట్టే ఉంటుంది.

కందనకాయకు బయటివైపు నీలం కలిసిన తెల్లటి గట్టి పొర కూడా ఉంటుంది. ఉడికించబోతున్నాం కాబట్టి దాన్ని పూర్తిగా తీయనక్కర్లేదు. మందంగా ఉన్నచోట కత్తితో రెండు మూడు గాట్లు పెడితే చాలు, కాలేటప్పుడు ముక్క ముడుచుకుపోదు.

గుండెకాయ: పైభాగాన కొవ్వు, రక్తనాళాల మొదళ్లు ఉంటాయి. ఆ టోపీలాంటి భాగాన్ని కోసేయండి. కొంచెం కొవ్వు మిగిలితే మంచిదే, కాలేటప్పుడు ముక్క ఎండిపోకుండా చూస్తుంది. తర్వాత రెండు వేళ్ల మధ్య పెట్టి కింది నుంచి పైకి నొక్కండి. లోపల గడ్డకట్టిన రక్తం నల్లగా బయటికొస్తుంది. పెద్దవైతే నిలువునా చీల్చి విప్పండి, మసాలా లోపలిదాకా పడుతుంది.

హెచ్చరిక: పచ్చి కోడిమాంసాన్ని ధారగా పడే కొళాయి కింద కడగకండి. ఆ తుంపరలు పక్కనున్న గిన్నెల మీద, కూరగాయల మీద పడి సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ లాంటి సూక్ష్మక్రిములను ఇంటి నిండా పంచుతాయి. కడగకుండా మనసొప్పకపోతే గిన్నెలో నీళ్లు పోసి, అందులో చేతితో మెల్లగా కలిపి, నీళ్లు చిందకుండా వంపేయండి. తర్వాత సింకు, కోత పలక, కత్తి, చేతులు సబ్బుతో కడగాలి. చివరగా అన్ని ముక్కలనూ శుభ్రమైన గుడ్డతోనో పేపర్ టవల్‌తోనో తడి లేకుండా అద్దండి. తడి ముక్కకు మసాలా అంటదు, నిప్పు మీద ఎర్రబడదు.

3. కందనకాయలను ముందే ఉడికించండి

గిన్నెలో కందనకాయలు వేసి, అవి రెండంగుళాల లోతున మునిగేలా నీళ్లు పోయండి. చెంచా ఉప్పు, చితక్కొట్టిన అల్లం ముక్క, నాలుగు మిరియాలు వేయండి. మరుగు వచ్చాక మంట తగ్గించి, నీళ్లు అక్కడక్కడా చిన్నగా కదులుతున్నట్టు ఉంచి 45 నిమిషాల నుంచి గంట దాకా ఉడికించండి. పైకి తేలే నురగ తీసేస్తుండండి. తొందరగా కావాలంటే కుక్కర్‌లో మొదటి విజిల్ వచ్చాక సన్నని మంట మీద 15 నుంచి 20 నిమిషాలు సరిపోతుంది. బాతు, టర్కీ కందనకాయలు పెద్దవి, వాటికి గంటన్నర వరకూ పట్టొచ్చు.

అయిందో లేదో ఇలా చూడండి. ఫోర్కు గుచ్చితే పెద్దగా బలం పెట్టకుండానే దిగాలి. ఒక ముక్క కోసి నమలండి. ఈ దశలో గట్టిగా అనిపిస్తే నిప్పు మీద ఎంతసేపు ఉంచినా మెత్తబడదు, ఇంకా బిగుసుకుంటుంది. మరో 15 నిమిషాలు ఉడకనివ్వండి. వంచిన నీళ్లు పారబోయకండి, సూపుకు చాలా బాగుంటాయి.

ఈ పని ముందు రోజే చేసి పెట్టుకోవచ్చు. వేడి తగ్గాక మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి.

4. మసాలా పట్టించడం

ఉడికిన కందనకాయల తడి అద్ది, పెరుగు మసాలాలో మూడింట రెండు వంతులు పట్టించండి. వాటికి గంట నుంచి రెండు గంటలు చాలు. మిగిలిన మసాలాను పచ్చి గుండెకాయలకు వేరే గిన్నెలో పట్టించి రెండు నుంచి నాలుగు గంటలు ఉంచండి. రాత్రంతా ఉంచాలనుకుంటే నిమ్మరసం మానేసి, కాల్చిన తర్వాత పిండండి.

కార్జానికి నూనె మసాలా పట్టించి అరగంట ఉంచితే సరిపోతుంది. గంటకు మించొద్దు. పులుపులో ఎక్కువసేపు నానితే కార్జం పైపొర పాలిపోయి పిండిలా అవుతుంది. బొప్పాయి, అనాస గుజ్జు కలిపితే మరీ ముద్దైపోతుంది, ఊచకు కూడా నిలవదు. ఉప్పు ముందే వేస్తే నీరు ఊరి, ఆ నీటిలోనే మసాలా కారిపోతుంది. కాబట్టి ఊచకు గుచ్చే ముందు అర టీ చెంచా ఉప్పు చల్లి ఒకసారి కలిపితే చాలు.

నానేదంతా ఫ్రిజ్‌లోనే జరగాలి. పచ్చిమాంసం నానిన మసాలాను పైన పూయడానికో, నంజుకోవడానికో వాడకండి. కావాలనుకుంటే మొదట్లోనే కొంత వేరే గిన్నెలోకి తీసి పక్కన పెట్టుకోండి.

5. ఊచలకు గుచ్చడం

ఒక ఊచకు ఒకే రకం. ఇది మాత్రం ఎవరు చెప్పినా మార్చుకోకండి. నేనూ మొదట్లో అందంగా ఉంటుందని ఒకదాని పక్కన ఒకటి రంగురంగులుగా గుచ్చేదాన్ని. గుండెకాయ కాలేసరికి పక్కనున్న కార్జం బూడిదరంగులోకి తిరిగి, విరిస్తే పొడిగా రాలింది. ఇంటిల్లిపాదీ దాన్ని పళ్లెం అంచున పెట్టేస్తుంటే చూసి, ఆ రోజు నుంచి మానేశాను.

గుండ్రటి పుల్ల మీద కార్జం గిర్రున తిరుగుతుంది. మీరు పుల్ల తిప్పినా బరువున్న వైపే మళ్లీ కిందికొస్తుంది. అందుకే ఒక వేలు ఎడంతో రెండు పుల్లలు సమాంతరంగా గుచ్చండి. తమ్మెను పొడవునా రెండుచోట్ల గుచ్చితే చిరగదు. ముక్కలను ఒకదానికొకటి తాకీ తాకనట్టు ఉంచండి. ఇరికించి గుచ్చితే మధ్యలో పచ్చిగా మిగిలిపోతుంది.

ఉల్లిపాయ, క్యాప్సికం కూడా విడిగానే గుచ్చుకోండి. వాటి సమయం వాటిది.

6. నిప్పు సిద్ధం చేయడం

బొగ్గులు రాజేశాక 20 నుంచి 30 నిమిషాలు ఆగండి. మంటలు పోయి, బొగ్గుల మీద తెల్లటి బూడిద కమ్మాలి. కిరోసిన్, పెట్రోలు పోసి వెలిగించకండి. ప్రమాదం మాట అటుంచి, ఆ వాసన మాంసానికి పట్టేస్తుంది. తర్వాత బొగ్గులన్నీ ఒకవైపుకు నెట్టండి. ఒక సగం బాగా వేడిగా, రెండో సగం తక్కువ వేడిగా ఉండాలి. కొవ్వు కారి మంట లేస్తే ఊచలను రెండో వైపుకు జరపడానికి చోటు ఉంటుంది. మంట మీద నీళ్లు చల్లకండి, బూడిద లేచి మాంసానికి అంటుకుంటుంది.

వేడి చూడటానికి జాలీకి నాలుగంగుళాల పైన అరచేయి పెట్టండి. రెండు మూడు సెకన్లకు మించి ఉంచలేకపోతే అది ఎక్కువ వేడి. నాలుగైదు సెకన్లు ఓర్చుకోగలిగితే మధ్యస్థం.

బొగ్గుల కుంపటిని ఇంట్లోనూ, తలుపులు మూసిన వరండాలోనూ ఎప్పుడూ పెట్టకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది.

7. కాల్చడం

జాలీని రుద్ది శుభ్రం చేసి, నూనెలో ముంచిన గుడ్డను పటకారుతో పట్టుకుని ఒకసారి తుడవండి. ఇక వరుస ఇది.

ముందు కందనకాయలు, మధ్యస్థ వేడి మీద. ఇవి ముందే ఉడికాయి కాబట్టి పైన ఎర్రబడి అంచులు కరకరలాడితే చాలు, తిప్పుతూ 8 నుంచి 10 నిమిషాలు. మధ్యలో ఒకసారి నూనె పూయండి. అయ్యాక శుభ్రమైన పళ్లెంలోకి తీసి మూతపెట్టండి.

తర్వాత గుండెకాయలు, ఎక్కువ వేడి మీద. రెండు నిమిషాలకోసారి తిప్పుతూ 6 నుంచి 8 నిమిషాలు. విప్పి గుచ్చినవైతే ఇంకా త్వరగా అవుతాయి.

అందరూ వచ్చి కూర్చున్నాకే కార్జం పెట్టండి. అది ఆగితే గట్టిపడుతుంది. జాలీ బాగా వేడిగా ఉన్నచోట పెట్టి రెండున్నర, మూడు నిమిషాలు కదపకుండా వదిలేయండి. కింద పొర కట్టాక దానంతటదే జాలీని వదులుతుంది. లాగితే అంటుకుని చిరుగుతోందంటే ఇంకా సమయం కాలేదన్నమాట. ఒక్కసారి తిప్పి మరో రెండు మూడు నిమిషాలు. లావు ముక్కలు ఉంటే చివరి నిమిషం తక్కువ వేడి వైపు పెట్టండి.

తీసిన వెంటనే మీద నిమ్మరసం పిండండి. పులుపు పడాల్సిన సమయం ఇదే.

8. ఉడికిందో లేదో ఎలా తెలుస్తుంది?

థర్మామీటర్ ఉంటే అన్నిటికన్నా లావుగా ఉన్న ముక్కలోకి పక్క నుంచి గుచ్చండి, ఊచకు తగలనివ్వకండి. 74 డిగ్రీల సెల్సియస్ చూపించాలి. కోడిమాంసం అంతటికీ, కార్జానికి కూడా ఇదే లెక్క. అక్కడికి రాగానే తీసేయండి, ఇంకో నాలుగు నిమిషాలు ఉంచితే సుద్దే.

థర్మామీటర్ లేకపోతే ఒక లావు ముక్కను త్యాగం చేసి సగానికి కోయండి. కార్జం లోపల జెల్లీలా వణికే ఎర్రటి భాగం ఉండకూడదు, నొక్కితే కారే రసంలో ఎరుపు ఉండకూడదు. వేలితో నొక్కితే పచ్చి కార్జం గుంట పడి మెత్తగా ఉంటుంది, అయినది తిరిగి పైకి లేస్తుంది. గుండెకాయ కోసినచోట రంగు అంతా ఒకేలా గోధుమ రంగులోకి మారాలి.

"లోపల ఎర్రగా ఉంటేనే కార్జం రుచి" అని కొందరంటారు. దయచేసి వినకండి. కాంపైలోబాక్టర్ కార్జం పైనే కాదు, లోపల కూడా ఉండగలదు. పైపైన కాల్చినంత మాత్రాన చావదు. పిల్లలూ పెద్దవాళ్లూ తినే భోజనం ఇది.

తరచూ జరిగే పొరపాట్లు

కార్జం చేదుగా ఉందంటే పిత్తం మరక మిగిలిపోయింది, లేదా మసాలా మాడింది. తేనె, చక్కెర, బెల్లం కలిపిన మసాలా త్వరగా మాడుతుంది. తీపి ఇష్టమైతే చివరి నిమిషంలో పూయండి.

పైన నల్లబడి లోపల పచ్చిగా ఉందంటే బొగ్గుల మంట తగ్గకముందే పెట్టారు. ఆ ముక్కలను తక్కువ వేడి వైపు జరిపి, పైన ఒక గిన్నె బోర్లించి మూడు నిమిషాలు ఉంచితే చాలావరకు దక్కుతాయి.

రంగే రాలేదంటే ముక్క తడిగా ఉంది, లేదా మసాలా మరీ మందంగా ఉంది. గుచ్చేటప్పుడు అదనంగా ఉన్న పెరుగును గిన్నె అంచుకు తుడిచేయండి.

కందనకాయ గట్టిగా ఉందంటే మళ్లీ మూడో అంచెకు వెళ్లాల్సిందే. కాల్చినవైనా ఊచ తీసేసి, కాస్త నీళ్లతో కుక్కర్‌లో మరో పది నిమిషాలు పెట్టండి. పైకరకర పోతుంది కానీ తినగలుగుతారు.

బొగ్గులు లేకపోతే

మందపాటి ఇనుప పెనం చాలు. పొగ రాబోయేంత వేడి చేసి, నూనె పెనానికి కాకుండా ముక్కలకు పూసి, ఇరుకు లేకుండా కొన్ని కొన్నిగా వేయండి. అన్నీ ఒకేసారి పోస్తే నీరు వదిలి ఉడుకుతాయే గానీ కాలవు. ఓవెన్‌లో పైమంట వేసి, కింద రేకు పరచి, ఊచలను మంటకు నాలుగంగుళాల దూరంలో పెట్టినా బాగా వస్తాయి. సమయాలు దాదాపు ఇవే, కార్జాన్ని మాత్రం కళ్లెదుటే ఉంచుకోండి.

ఎవరు జాగ్రత్తగా ఉండాలి?

కార్జంలో ఇనుము, ఎ విటమిన్ పుష్కలం. వండిన కోడి కార్జం 100 గ్రాముల్లో ఉండే ఎ విటమిన్ పెద్దవాళ్లకు రోజుకు కావలసిన దానికి నాలుగు రెట్ల పైనే. అది ఎక్కువైతే కడుపులో బిడ్డకు హాని కాబట్టి గర్భిణులు కార్జం మానేయడం మంచిది, డాక్టరును అడగండి. గౌట్ ఉన్నవాళ్లకు, యూరిక్ యాసిడ్ ఎక్కువున్నవాళ్లకు ఈ మూడూ సరిపడవు. చిన్నపిల్లలకు గుండెకాయలను గుండ్రంగా అలాగే ఇవ్వకండి, గొంతుకు అడ్డం పడొచ్చు. చిన్న చిన్న ముక్కలు చేసి పెట్టండి.

మిగిలితే

ఎండాకాలం కాబట్టి లెక్క కచ్చితంగా పాటించండి. బయట మామూలుగా రెండు గంటలు, వేడి 32 డిగ్రీలు దాటితే గంట మాత్రమే. ఆలోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. మూడు నాలుగు రోజుల్లో తినేయాలి, తినేముందు పొగలు వచ్చేదాకా వేడి చేయాలి. మిగిలిన కార్జాన్ని మళ్లీ నిప్పు మీద పెట్టకండి, గట్టిపడుతుంది. సన్నగా తరిగి, వేగిన ఉల్లిపాయల్లో కలిపి, రెండు చెంచాల నీళ్లు చిలకరించి మూతపెట్టి వేడి చేయండి.